కాస్త ఉరుము వినిపించండి

వారం రోజులుగా సాయంత్రం నాలుగు దాటేసరికి గోదారవతల, నర్సాపురం వైపు, ఆకాశం నల్లబడుతోంది. ఆకు కదలదు. కొబ్బరి మట్టలు ఎవరో కట్టేసినట్టు వేలాడుతూ ఉంటాయి. ఆరింటికి గాలి లేస్తుంది. లేచి, ఉన్న మబ్బుని కాస్తా ముమ్మిడివరం వైపు తోసేసి పోతుంది. ఊరంతా విసుక్కుంటున్నారు. నాది విసుగు కాదు, ఇంకేదో. ఒకచోట కూర్చోలేకపోతున్నాను. దీపం పెట్టి నాలుగు నామాలు చెప్పుకునేలోపు మూడుసార్లు వీధి గుమ్మంలోకి వెళ్ళి పడమటికి చూసి వస్తున్నాను. మా అత్తయ్యగారు మంచం మీంచే అడుగుతున్నారు.

"ఎవరొస్తారనే, అలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు?"

ఎవరూ రారు. ఇలాంటి మబ్బు పడితే నాకు గుర్తొచ్చే మనిషి పోయి ఏడాది కావస్తోంది.

ఆవిడ పేరు రాయను. మా కోలాటం దళంలో ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. కొందరికి అక్క, కొందరికి పిన్ని. నేనైతే చాలాకాలం ఏమనీ పిలవలేదు. "ఇదుగోండి" అంటూ నెట్టుకొచ్చాను. ఆవిడ నాకంటే పదేళ్ళు పెద్ద. అయినా మా అర్చకుల ఇళ్ళల్లో అలవాటు ప్రకారం అయితే ఆవిడ కులంవాళ్ళతో నోటికి 'నువ్వు' రావాలి. మెడలో నల్లదారానికి ఈల వేసుకుని పదహారు మందిని ఒక్క ఊదుతో తిప్పే మనిషిని నువ్వు అనడానికి నోరు రాలేదు. అక్కయ్యగారూ అనడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

పొడుగ్గా, సన్నగా, ఎండిన చెరుకులా ఉండేది. చీర మోకాళ్ళ కిందికి ఎగదోపి, కోలలు రెండూ వెనకనించి నడుముకి దోపుకునేది. ఆవిడ రెండు కాళ్ళమీదా సమంగా నిలబడగా నేను చూడలేదు. ఎప్పుడూ ఒక మడమ లేచే ఉండేది. మాట్లాడుతున్నంతసేపూ కోలతో దగ్గరున్నదాన్ని కొడుతూ ఉండేది. గుడి స్తంభం, ఆటో కమ్మీ, ఎవరి చేతిలోనైనా ఉన్న బిందె. కొట్టి, చెవి ఒగ్గి, ఆ మోత నచ్చితే మళ్ళీ కొట్టేది.

తిట్టడం తెలీదు, ఎద్దేవా చెయ్యడం తెలుసు.

"ఏమ్మా, నువ్వు కోలాటానికొచ్చేవా, కొబ్బరికాయల దింపుకొచ్చేవా? అలా పైకి సూత్తావేంటి?"

ఎవరైనా మెత్తగా తగిలిస్తే, "మీ ఆయన్ని తల్చుకుని కొట్టమ్మా, అప్పుడు పేలుద్ది" అనేది. ఆ మాట వింటే గర్భగుడిలో ఉన్న మావారు కూడా నవ్వు ఆపుకోలేక గంట రెండుసార్లు ఎక్కువ కొట్టేవారు.

మావారు ఆ రామాలయంలో అర్చకులు. సాయంత్రాలు ఆడవాళ్ళు గుడి ముందు సాధన చేస్తుంటే నేను మెట్టు మీద కూర్చుని మర్నాటి మాలలు కట్టుకునేదాన్ని. ఒక సాయంత్రం ఎనిమిదో జతలో ఒకావిడకి మడమ బెణికింది. ఈ మనిషి తిన్నగా నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"అమ్మగారూ, మీ యేళ్ళు ఊరుకోటం లేదండి."

చూసుకుంటే నా వేళ్ళు పూలసజ్జ మీద తాళం వేస్తున్నాయి. సిగ్గేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఎనిమిదో జతకి మనిషి లేదండి. ఒక్క గంట నిలబడండి. కర్ర అడ్డం పెడితే చాలు, తగలాల్సిందేదో అదే వచ్చి తగులుద్ది."

"అయ్యో, నాకు రాదండి. నేను బడికి కూడా వెళ్ళలేదు."

"బళ్ళో కోలాటం నేర్పుతారేంటండీ? నేనూ ఎల్లలేదు. ఇద్దరం బడిలేని జతే. లెండి లెండి."

మా నాన్నగారు నాకు ఇంట్లోనే చదువు చెప్పారు. స్తోత్రాలూ, లెక్కలూ, కాస్త సంస్కృతమూ, అన్నీ వీధరుగు మీదే. అందుకు ఆయనకి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. కానీ అది ఒంటరిగా నేర్చుకున్న చదువు. పక్కన ఇంకో పిల్ల కూర్చున్నది లేదు, వరసలో నిలబడ్డది లేదు. నలభయ్యోపడిలో, చేతిలో కర్ర పట్టుకుని, వరసలో నిలబడడమా! మావారి వైపు చూశాను. ఆయన హారతి పళ్ళెం తుడుచుకుంటూ, "దేవుడి ముందరే కదా. వెళ్ళు" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆయనకీ, ఆ బెణికిన మడమకీ కూడా నేను ఋణపడి ఉన్నాను.

గంట అనుకున్నది రోజూ అయిపోయింది. బెణికినావిడ తిరిగొచ్చాక ఆవిణ్ణి ఏడో జతలో ఖాళీ అయిన చోటికి జరిపి నన్ను మాత్రం కదపలేదు. ఎందుకని అడిగితే, "ఆవిడ తాళం చూసి కొడుద్దండి, మీరు విని కొడతారు" అంది.

ఆ నెలలోనే ఒక సాయంత్రం సాధన ముగిసి గజ్జెలు విప్పుకుంటుండగా గాలి లేచింది. దుమ్ము, కొబ్బరి ఈనెలు, ఎవరిదో తువ్వాలు, అన్నీ ఒక్కసారి మీదికొచ్చాయి. అందరూ తలో దిక్కూ పరుగెత్తారు. మావారు పక్కూళ్ళో వ్రతం చేయించడానికి వెళ్ళారు. మా ఇల్లు కాలవ అవతల. వెళ్ళేలోపు చినుకులు మొదలయ్యాయి. ఆవిడ నా మణికట్టు పట్టుకుని లాక్కుపోయింది. గుడి వెనక సందులో మూడో ఇల్లు ఆవిడది. సిమెంటు పూయని గోడలు, ముందు రేకుల వసారా.

ఆ గుమ్మం లోపలికి నేను వెళ్ళడం అదే మొదలు. నిజం చెప్పాలంటే, అలాంటి ఇంట్లోకి వెళ్ళడమే మొదలు.

మా ఇంట్లో ఉరిమితే చేసే పనులు వేరు. ముందు కిటికీలు వేస్తాం. తర్వాత ప్లగ్గులన్నీ పీకుతాం. ఫోన్లు కట్టేస్తాం. అత్తయ్యగారు మంచం నడిమింట్లోకి లాగించుకుంటారు. ఇక్కడ ఈవిడ చేసినవన్నీ తిరగేసిన పనులు. తన కోడలు చూస్తున్న టీవీ కట్టేసింది, పిడుగుకి జడిసి కాదు, "దీని గోలలో ఏం వినపడి చత్తాది!" అని. ఫాను ఆపింది. ఉన్న తలుపులూ కిటికీలూ బార్లా తెరిచింది. ప్లాస్టిక్కు కుర్చీ ఒకటి వసారా అంచుదాకా లాగి, రేకు మీంచి జారే ధారలో పాదాలు పెట్టుకుని కూర్చుంది. ఆ ధార కింద పాదాలు అటూ ఇటూ తిప్పుతూ, "అబ్బా... అబ్బబ్బా..." అంటుంటే ఎవరో కాళ్ళు పిసుకుతున్నట్టుంది.

నేను గోడ మూలకి ఒదిగి, కొంగు చెవులకి అడ్డం పెట్టుకుని, "అర్జునా, ఫల్గుణా..." అనుకుంటున్నాను. పిడుగు పడకుండా చిన్నప్పటినించీ అనుకునే పేర్లు.

ఆవిడ వెనక్కి తిరిగింది. "ఎవరండీ ఆయన? పిలవండి, పిలవండి. వచ్చి ఆయనా ఓ కుర్చీ ఏసుకుంటాడు."

వంటింట్లోంచి కోడలు కిసుక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కొంగు మాత్రం తియ్యలేదు.

ఆవిడ ఉరుములకి పేర్లు పెట్టుకుంది. లోపల ఎండుకాయ దొర్లినట్టు గడగడలాడి ఆగిపోయేది కురిడీ ఉరుము. వంతెన చెక్కల మీద బండి వెళ్ళినట్టు వచ్చేది బండి ఉరుము. గంటల తరబడి గొణుగుతూ, చుక్క రాల్చకుండా పోయేది అత్తగారి ఉరుము. "నాక్కూడా కోడలుంది కాబట్టి ఆ పేరు మార్చాలండి" అంది ఒకసారి. మార్చలేదు.

ఆ సాయంత్రమే చెప్పింది, తనకి ఈ పిచ్చి ఎక్కణ్ణించి పట్టిందో. పదకొండేళ్ళు కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేసింది. అక్కడ పనివాళ్ళు ఇంటి యజమానురాలిని మామా అంటారట.

"వంటింటికి కిటికీ ఉంటదండి. అద్దం. తెరుచుకోదు. ఓ రోజు గిన్నె కడుగుతుంటే మెరిసింది. నిజ్జంగా మెరిసిందండి. ఇంక ఉరుము వత్తాది కదా అని గిన్నె పట్టుకుని అలాగే నించున్నాను. రాలేదు. ఏసీ రొదలో ఎక్కడో కలిసిపోయింది. మామా వచ్చి, ఏం సూత్తన్నావంది. ఏం చెప్తానండి? ఉరుముని ఆళ్ళ భాషలో ఏమంటారో నాకు తెలీదు. నీళ్ళు కట్టేసి లోపలికి పోయేను."

ఇల్లు కట్టుకునేటప్పుడు కొడుకు వసారా మీదకి కూడా స్లాబు వేద్దామన్నాడట. "స్లాబేత్తే వాన మూగదైపోద్దిరా" అని రేకులు వేయించింది.

అంతలో లోపలికి వెళ్ళి స్టీలు గ్లాసుతో టీ తెచ్చింది. అల్లం వాసన వసారా అంతా పాకింది. "తాగండమ్మగారూ, ఒణుకుతున్నారు."

"నేను బయట తాగనండి."

అనాలనుకుని అన్నమాట కాదు. మడి ఇంట్లో పుట్టి, అర్చకుడి ఇంట్లో మెట్టిన నోరు. నాకంటే ముందే మాట్లాడేసింది.

"ఆయ్. మర్చేపోయేనండి" అంది. అని, ఆ గ్లాసు తనే పట్టుకుని, మళ్ళీ ధారలో కాళ్ళు పెట్టుకుని తాగింది. ఆ 'ఆయ్'లో కోపం లేదు. ఉంటే బాగుండేది. కోపం అయితే దాని మీద నేనూ ఏదో ఒకటి అనుకుని ఇంటికి పోయేదాన్ని.

ఆ తర్వాత కూడా వెళ్ళాను. సాధన అయ్యాక మబ్బు పట్టి ఉంటే ఇద్దరం ఆ వసారాలోకి చేరేవాళ్ళం. మావారు హారతి ముగించుకుని, గొడుగేసుకుని వచ్చి తీసుకెళ్ళేవారు. అత్తయ్యగారికి "గుళ్ళో ఉండిపోయింది" అని చెప్పేవారు. ఆయన అబద్ధమాడిన సందర్భాలు నాకు తెలిసి అవే.

ఆవిడ మళ్ళీ టీ తాగమనలేదు. ముంజెకాయలు పెట్టేది. కత్తి మావారు గుళ్ళో కొబ్బరికాయకి వాడేదే తెప్పించి, నా ముందే కాయ చెక్కి, కాయతో సహా చేతికిచ్చేది. బొటనవేలితో నేనే తీసుకు తినాలి. వేసవి దాటాక అరటిపళ్ళు, గెల మీంచి నేనే కోసుకునేట్టు. నాలుగైదు వానలు గడిస్తే గానీ నాకు తట్టలేదు, ఆ ఇంటి గిన్నె ఒక్కటి కూడా నాకు తగలకుండా ఆవిడ అన్నీ చూసుకుంటోందని. తట్టిన రోజు తింటున్న పండు సగంలోనే పక్కన పెట్టాను.

'నాక్కూడా కాస్త టీ ఇవ్వండి' అనడానికి ఎంతసేపు? గుళ్ళోంచి ఆ సందులోకి నడుస్తున్నంతసేపూ మనసులో అనుకునేదాన్ని. కూర్చున్నాక నోరు తెరవబోతే ఆవిడ చెయ్యెత్తేది. "ష్. వినండి." ఉరుము వచ్చి వెళ్ళేది. దాంతో నా మాటా వెళ్ళేది.

నిరుడు కాక, అంతకు ముందు వేసవి. ఇంటి గోడలకి ఇంకా సిమెంటు పడలేదు. కువైట్ నించి ఆ మామాయే మళ్ళీ కబురు పెట్టింది. రెండేళ్ళు వచ్చి వెళ్ళమని. ఆవిడకి వెళ్ళాలని లేదు. ఆ మాట చెప్పలేదు గానీ ప్రయాణం రోజు తెలిసినప్పటినించీ ఆవిడ ఈల శబ్దం మారింది. పొట్టిపొట్టిగా, ఆయాసపడుతున్నట్టు ఊదేది. సాధన మధ్యలో ఆగి పడమటికి చూసేది.

"ఎల్లేలోగా ఒక్క మంచి గాలివాన పడితే చాలండి. చెవుల్లో మూటగట్టుకుపోతాను" అంది.

సరిగ్గా ఇలాంటి రోజులే. రోజూ మబ్బు పట్టడం, పోవడం. ముందు నాలుగు రోజులున్నాయి, తర్వాత మూడు, తర్వాత రెండు. ఆఖరి సాయంత్రం గుళ్ళో కల్యాణం. మా దళం జడకోపు ఆడాలి. పైన ఒక చక్రానికి పదహారు రంగుల తాళ్ళు వేలాడతాయి. ఎడం చేత్తో తాడు, కుడిచేత్తో కోల. సగం మంది ఇటునించి, సగం మంది అటునించి, ఒకరిని లోపల్నించీ ఇంకొకరిని బయటనించీ దాటుకుంటూ తిరిగితే పైన జడ అల్లుకుంటుంది. మళ్ళీ అవే అడుగులు వెనక్కి వేస్తే విడిపోతుంది. ఒక్కరు ఒక్కసారి లోపలికి బదులు బయటికి వెళ్ళినా అల్లేటప్పుడు ఎవరికీ తెలియదు. విప్పేటప్పుడు తెలుస్తుంది.

జడ బాగానే పడింది. విప్పడం మొదలుపెట్టిన నాలుగో చుట్టులో తాళ్ళు బిగుసుకున్నాయి. పదహారు మందిమీ ఉన్నచోట ఆగిపోయాం. మైకు పట్టుకున్న పెద్దమనిషి, "అమ్మవారి జడకి చిక్కు పడిందండీ, దువ్వెన తేవాలేమో!" అన్నాడు. జనం నవ్వారు. తప్పు నాదే. అల్లేటప్పుడు పడమట మెరిసింది. తల తిప్పి చూశాను. ఆ అడుగు ఎటు వేశానో నాకే తెలియదు.

"తాడొదలద్దు, ఎవరూ!" అని ఒక్క కేక పెట్టి, ఆవిడ నెమ్మదిగా ఈల ఊదింది. మూడు అడుగులు మళ్ళీ ముందుకి నడిపించింది. తాళ్ళ కింద వంగి, మెడ ఎత్తి చూసి, "ఎనిమిదో జతా, బయటికి" అంది. అంతే. అందరికీ చెప్పినట్టే చెప్పింది. నేను బయటికి జరిగాను. చిక్కు జారిపోయింది. చప్పట్లు కొట్టారు.

హారతి అవుతుండగా తొలి చినుకు పడింది. గజ్జెలు విప్పకుండానే ఇద్దరం ఆ సందులో పరుగెత్తాం. వసారాలోకి చేరేసరికి కరెంటు పోయింది. ఆయాసంతో చెప్పాను.

"చిక్కు నావల్లే పడిందండి."

"తెలుసండి. మీరు మబ్బుని సూసేరు."

"మీకెలా తెలుసు?"

"నేనూ అటే సూత్తన్నాను కదండీ. లేపోతే మీ కళ్ళెటు పోయేయో నాకెలా తెలుత్తాది?"

ఆ వాన నా జీవితంలో నేను చూసిన మొదటి వాన. అంతకు ముందువి తలుపులేసుకునో, కొంగు చెవులకి అడ్డం పెట్టుకునో విన్నవి. మెరుపు మెరవగానే ఆవిడ కోలతో వసారా గుంజ మీద కొడుతూ లెక్కపెట్టేది. ఒకటి, రెండు, మూడు... ఉరుము వచ్చేదాకా. మొదట పదకొండు దాకా వెళ్ళింది. తర్వాత ఎనిమిది. ఐదు. "వత్తంది, వత్తంది" అంటూ లేచి నిలబడింది. నా చేతికి రెండో కోల ఇచ్చింది. ఇద్దరం గుంజకి చెరో వైపు. నాలుగు. మూడు. రేకుల మీద వాన మోతకి మాటలు వినపడటం లేదు. రెండు. ఇంక ఒకటి అనబోయే లోపలే ఇల్లంతా తెల్లగా అయిపోయి ఉరుము నెత్తిమీదే పగిలింది. ఇద్దరం కెవ్వుమన్నాం. తర్వాత చూసుకుంటే నేను నవ్వుతున్నాను. నా కొంగు నా భుజం మీదే ఉంది. అర్జునుణ్ణి పిలవడం మర్చిపోయాను. ఆ రాముడే నా చెవులు తెరిపించాడనుకుని చేతులు జోడించాను.

ఆవిడ ధారలోకి వెళ్ళి నిలబడింది, గజ్జెలతో సహా. రెండు కాళ్ళమీదా సమంగా నిలబడటం అప్పుడే చూశాను.

ఇప్పుడు అడుగుదాం అనుకున్నాను. నోట్లోకి మాట వచ్చింది కూడా. "అక్కయ్యగారూ" అన్నాను మొదటిసారి. ఆవిడ తిరిగి చూసింది. సందు మొగలో గొడుగు కనిపించింది, మావారు. పంచె ఎగ్గట్టుకుని, "దొరికారా ఇద్దరూ! అత్తయ్యగారు... అదే, మా అమ్మ, కంగారు పడుతోంది, పద" అన్నారు. పొద్దున్నే ఆవిడ రాజోలు బస్సెక్కి వెళ్ళిపోయింది.

నెల తర్వాత ఒక సాయంత్రం ఫోను మోగింది.

"అమ్మగారూ, మీ దగ్గర ఉరుంతందంట? మావాడు చెప్పేడు. ఫోను కాస్త కిటికీలో పెట్టండి. కాస్త ఉరుము వినిపించండి."

"మీ అబ్బాయి ఫోనులో వినొచ్చు కదండీ?"

"ఆడు మధ్యలో మాట్లాడేత్తాడండి. అన్నం తిన్నావా అంటాడు. మీరయితే మాట్లాడరు."

ఫోనుకి పాల కవరు తొడిగి కిటికీ కమ్ముల మధ్య పెట్టాను. నేను పక్కనే నిలబడ్డాను. అటువైపు గిన్నెల చప్పుడు, కుళాయి. ఉరిమినప్పుడు కుళాయి ఆగేది. పావుగంటకి, "కురిడీదండీ అది! ఉంటానండి" అని పెట్టేసింది.

ఆ వానాకాలమంతా అలాగే గడిచింది. అత్తయ్యగారు నిద్రలో ఉంటే గదిలోంచి, మెలకువగా ఉంటే పెరట్లోంచి. కార్తీకమాసంలో ఉరుములు ఆగిపోయాక కూడా ఒకసారి చేసింది. "ఏమీ లేదండి" అన్నాను. "పోన్లెండి, కాలవ వినిపించండి" అంది.

నిరుడు జ్యేష్ఠంలో తొలి గాలివాన మీదికొచ్చింది. పక్కింటి పెరట్లో కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. మొవ్వు మండిపోయింది. పొగ మా కిటికీలోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఆవిడే.

"కట్టెయ్యవే ఆ ఫోను! ఇంటిల్లిపాదినీ చంపుతావా?" అత్తయ్యగారు మంచం కోళ్ళు పట్టుకుని వణికిపోతున్నారు. ఆవిణ్ణి తప్పుపట్టను. చెట్టు మండుతుంటే చూసినవాళ్ళెవరూ తప్పుపట్టరు. ఫోను నా చేతిలో ఉంది. మోగుతోంది. కట్టేశాను. రేపు వినిపిద్దాం, ఇంకా వానాకాలం అంతా ఉంది కదా, అనుకున్నాను.

పొద్దున్న తెరిస్తే ఆవిడ మాట రికార్డు చేసి పంపింది.

"అమ్మగారూ, ఫోను కట్టేసినట్టున్నారు. మంచిదేలెండి. దగ్గర్లో పడ్డట్టుంది, మావాడన్నాడు. జాగ్రత్తండి. అర్జునుణ్ణి పిలవండి. నేను కూడా పిలుత్తానండి ఇక్కణ్ణించి."

వెనక కుళాయి నడుస్తూనే ఉంది. జవాబుగా ఏమి పంపాలో తెలియక, వాన పడ్డప్పుడు వాననే పంపుదామని ఊరుకున్నాను. మూడో రోజు కబురొచ్చింది. నిద్రలోనే పోయిందట. ఆవిడ ఉన్న పెట్టె కువైట్ నించి రావడానికి పది రోజులు పట్టింది. ఆ రోజు దళంలో అందరం కోలలు పట్టుకుని సందు మొగలో నిలబడ్డాం. ఎవరమూ కొట్టలేదు.

ఇదీ నా కాలుగాలిన పిల్లి తిరుగుడు. ఏడాదిగా ఉరిమినప్పుడల్లా నా చెయ్యి ఫోను మీదికి పోతుంది. దేవుడి దగ్గర కూర్చుని అన్నింటికీ దణ్ణం పెట్టుకోగలుగుతున్నాను గానీ ఆ ఒక్క మోగుతున్న ఫోను దగ్గర ఆగిపోతున్నాను.

ఇవాళ మబ్బు పోలేదు. సాధన ముగిసేసరికి గాలి తిన్నగా పడమటినించే కొట్టింది. ఈల ఇప్పుడు ఆవిడ కోడలి మెడలో ఉంది. మెత్తగా ఊదుతుంది, మెత్తగానే మాట్లాడుతుంది. అందరూ పరుగెత్తారు. నేను కాలవ వైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి ఆ సందులోకి వెళ్ళాను.

కోడలు కిటికీలు వేస్తోంది. ఉరుములంటే ఆ పిల్లకి నాకు ఒకప్పుడున్నంత భయం. "అమ్మగారూ! తడిసిపోతారు, లోపలికి రండి."

"ఇక్కడే కూర్చుంటానమ్మా. కుర్చీ ఇలా వెయ్యి."

వేసింది. నేను అంచుదాకా లాక్కుని ధారలో కాళ్ళు పెట్టాను. చల్లగా, బరువుగా పడ్డాయి నీళ్ళు. 'అబ్బా' అన్నాను, నాకు తెలియకుండానే. ఆ పిల్ల నావైపు అదోలా చూసింది.

"టీ ఉందా అమ్మా?"

ఆ పిల్ల కదల్లేదు. సరిగా విన్నానా అన్నట్టు నిలబడింది. తర్వాత గబగబా లోపలికి వెళ్ళింది. పొయ్యి వెలిగిన చప్పుడు, అల్లం దంచిన చప్పుడు, ఏదో డబ్బాలు జరిపి, స్టూలెక్కి అలమర పైన వెతికిన చప్పుడు. చాలాసేపు పట్టింది. గ్లాసు తెచ్చి రెండు చేతులతో ఇచ్చింది. కొత్త గ్లాసు. కొట్లో అంటించిన కాయితం ముక్క ఇంకా దాని మీదే ఉంది.

"ఇది మీదేనండి" అంది.

"నాదా?"

"మా అత్త కొందండి. మీరు మొదటిసారి వచ్చెల్లిన మర్నాడే, మలికిపురంలో. 'ఆవిడ ఎప్పుడో ఓ రోజు అడుగుద్ది. అప్పుడు మనం తాగేదాంట్లో పోసి ఇబ్బంది పెట్టకూడదు' అంది. ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదండి. కువైట్ నించి కూడా అడిగేది, గ్లాసు పైనే ఉందా అని."

గ్లాసు వేడికి ఆ కాయితం అంచు లేచింది. దాన్ని బొటనవేలితో మళ్ళీ అదిమాను. తాగాను. అల్లం ఎక్కువైంది. పంచదార తక్కువైంది. దేవుడా, ఎంత బావుందో చెప్పలేను.

మెరిసింది. పిల్ల గోడకి అతుక్కుపోయింది. నడుము వెనకనించి కోల తీసి గుంజ మీద కొట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదు దగ్గర వచ్చింది. గడగడలాడి, లోపలే ఏదో దొర్లినట్టు ఆగిపోయింది.

"ఇదేం ఉరుమండీ?" అంది పిల్ల, చెవుల మీంచి చేతులు కొంచెం తీసి.

"కురిడీది."

గ్లాసు ముందుకి చాపాను. "ఇంకాస్త పొయ్యమ్మా."